తిమింగలం పన్నుకి చాపని చెయ్యి

ముందుగా నా అక్షరదోషాలను మన్నించండి. యాభై ఆరో ఏట అక్షరాలు దిద్దిన చెయ్యి ఇది. ఒక్కో మాట మూడుసార్లు రాసి కొట్టేస్తూ కూర్చునేసరికి పోయిన వారం సువా పట్నం వెళ్ళే పడవ దాటిపోయింది. అందుకే మీ పత్రికలో నా భాగం రాలేదు. కథంతా నెట్ గురించే అయినా నా కాగితాలు మాత్రం పడవ మీదే వెళతాయి. మీటలు నొక్కి రాయడం నాకింకా చేతకాదు.

కథ ఎక్కడ ఆగిందో చెబుతాను.

మా అఖాతం చుట్టూ మూడు ఊళ్ళు. మాది ఒకటి, ఎదుటి ఒడ్డున నర్సు వసీతి ఉండే ఊరు ఒకటి, మధ్యలో నా పుట్టింటివాళ్ళది. మూడు ఊళ్ళూ కలిసి కొండ మీద నెట్ సిగ్నలు పంచే ఒక సరుగుడు స్తంభం నిలబెట్టుకున్నాం. దాని కింద చిన్న గది, గదిలో తుక్కుకి పోయిన వ్యాన్ల నుంచి తెచ్చి బాగుచేసుకున్న బ్యాటరీలు, పైన కరెంటు తీసే ఎండ పలకలు. ప్రతి ఊరి స్కూల్లోనూ పట్నం ఆఫీసులు పారేసిన ఒక కంప్యూటరు. కంపెనీవాళ్ళ టవరు డీజిలు అయిపోతే మూగబోతుంది. సముద్రం అడుగున తీగ తెగితే పట్నమే మూగబోతుంది. మా స్తంభం ఉన్నంతవరకూ ఈ మూడు ఊళ్ళూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. తుఫాను వస్తోందంటే పన్నెండుమంది తాళ్ళు పట్టి దాన్ని నేల మీద పడుకోబెడతారు. వెళ్ళిపోయాక ఇళ్ళ కప్పులు ఎత్తేలోగానే దాన్ని లేపుతారు. బ్యాటరీల కాపలా వారానికొక ఇంటిది. తాళంచెవి ఆ ఇంటి పెద్ద మెడలో ఉంటుంది.

ఆ పెద్ద తుఫాను వచ్చిన వారం కాపలా మా ఇంటిది. సోమవారం రాత్రి గాలి కొట్టి వెళ్ళింది. మంగళవారం పొద్దున ఎగిరిపడిన రేకు తీస్తుంటే నా భర్త ఎపారామా పిక్క తెగింది. బుధవారానికి కాలు వాచి ఒళ్ళు కాలిపోయింది. గురువారం స్తంభం లేపి చూస్తే గదిలో బ్యాటరీలు లేవు. మా పడవలన్నీ పగిలిపోయాయి. నా పుట్టింటి ఊరు దాటాక కొండచరియలు పడి దారి పోయింది. నడిచి వెళ్ళినవాళ్ళు నర్సుని తీసుకొచ్చేసరికి శనివారం సాయంత్రమైంది. అప్పటికి నేను ఆయన కళ్ళు మూసేశాను. ఆ మూడు రోజులూ వసీతి తన ఊరి స్కూల్లో కంప్యూటరు ముందే కూర్చుని ఉంది, పక్కనే నిక్షేపంలాంటి పడవ పెట్టుకుని. ఒక్క మాట అందితే గంటలో వచ్చేది.

ఊరు ఏమందంటే, ఎపారామా గదికి తాళం వేయడం మరిచాడు, గది పక్క వాగు పొంగి బ్యాటరీలు కొట్టుకుపోయాయి, తన అజాగ్రత్తే తనని తినేసింది అంది. రెండేళ్ళు ఆ మాట మోశాను. పోయిన భాగంలో, గది గోడకి మిగిలిపోయిన నల్లపెట్టెని వసీతి విప్పింది. బ్యాటరీల బలం గంటగంటకీ కొలిచి గుర్తుపెట్టుకునే పెట్టె అది. అందులోది నేను నా కళ్ళతో, నా వేలు పెట్టి చదివాను. మంగళవారం సాయంత్రం నాలుగు గంటలు, నిండుగా ఉంది. ఐదు గంటలు, ఏమీ లేదు. వాగు సోమవారం రాత్రే పొంగి తీసింది. అంటే ఎవరో పట్టపగలు వచ్చి విప్పుకుపోయారు. మంగళవారం సాయంత్రం అఖాతం మొత్తం మీద ఒకే ఒక్క చోట దీపం వెలిగింది. నా పుట్టింటి ఊళ్ళో, మా పెదనాన్న కొడుకు సాకియుసా నడిపే లాడ్జిలో. పెద్దలు వెళ్ళి అడిగితే అతను కాదనలేదు.

ఇక ఈ వారం.

తప్పు చేసినవాడు తిమింగలం పన్ను పట్టుకుని వచ్చి, తప్పు పేరు చెప్పి, పూడ్చమని అడుగుతాడు. తంబువా అంటాం దాన్ని. అవతలివాళ్ళు అరచేతులు గుల్లగా చేసి చప్పట్లు కొట్టి అందుకుంటే ఆ తప్పు పూడిపోయినట్టు. పూడిన దాన్ని మళ్ళీ ఎవరూ తవ్వకూడదు, కలలో కూడా.

అక్టోబరు రెండో శుక్రవారం సాకియుసా వస్తున్నాడని కబురొచ్చింది. నా మీద ప్రేమతో కాదు. స్తంభం ఉండే పాత కొండ సగం జారిపోయింది. మూడు ఊళ్ళకీ కనబడే గట్టు ఇక ఒక్కటే మిగిలింది, అది నా పుట్టింటివాళ్ళ నేల. దానికి పెద్ద సాకియుసా. మధ్యలో పగ ఉండగా మా అత్తవారి వంశం ఆ గట్టు మీద కాలు పెట్టదు. నవంబరు వస్తే మళ్ళీ గాలుల కాలం. సరుగుడు మాను కొట్టి ఆరబెట్టారు. బ్యాటరీలు మూడు ఊళ్ళవాళ్ళూ తలా ఒకటి తెచ్చారు. ఇక నేను తల ఊపడమే మిగిలింది.

ఊరి ఆడవాళ్ళు చాపలల్లుతూ నాకు చెప్పనివాళ్ళు లేరు. "అందుకో లోసలినీ. పోయినాయన తిరిగొస్తాడా. మా పిల్లలకి జ్వరమొస్తే ఎవరిని పిలవాలి," అన్నారు.

"అందుకోనని ఎవరన్నారు," అన్నాను. "ముందు అతని చేతులు వణకాలి."

మా ఇంటి తరఫున మాట్లాడేది మా చిన్నమామగారు ఇనోకె. ఎనభై దాటాయి. చూపు మందగించింది కానీ అరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఏ తంబువా వచ్చినా చప్పట్లు కొట్టి అందుకున్నది ఆయనే. పొద్దున్నే ఆయన దగ్గర కూర్చుని, కర్రపెండలం ముక్కలు చేసి పెడుతూ చెప్పాను.

"నేను ఊఁ అనేదాకా చప్పట్లు కొట్టకండి మామగారూ."

"ఎంతసేపు కూర్చోబెడతావే వాణ్ణి?"

"మూడు రోజులు కూర్చోబెట్టాలని ఉంది. మీ కోసం ఒక పూట."

ఆయన నవ్వలేదు. "గడుసుదానివి," అని మాత్రం అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి వాళ్ళు వచ్చారు. సాకియుసా గుమ్మం దగ్గరే వంగి, మోకాళ్ళ మీద లోపలికి వచ్చి చాప చివర కూర్చున్నాడు. వెనక నలుగురు మగవాళ్ళు, నూరి నీళ్ళలో కలిపి తాగే యంగోనా వేళ్ళ మోపు ఒకటి. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. జుట్టుకి నూనె రాసుకున్నాడు. మనిషి చిక్కలేదు. అది నాకు మొదట కనబడింది.

మాలో అన్నాచెల్లెళ్ళు పెద్దయ్యాక ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఎదురెదురుగా కూర్చోరు. చెప్పాల్సింది మూడో మనిషితో చెప్పిస్తారు. నా పదహారో ఏట నుంచి నలభై ఒక్క ఏళ్ళు నేను సాకియుసాతో ఒక్క మాట మాట్లాడలేదు. అది కోపం కాదు, మర్యాద. మా ఇంటాయనకి మాత్రం అతను బావ. బావాబావమరుదులకి ఏ మర్యాదా లేదు. అతను మా గుమ్మంలో అడుగుపెడితే చాలు, వేళాకోళం మొదలయ్యేది.

"బావా, మా చెల్లెలు రాకముందు నువ్వు పచ్చి కర్రపెండలం నమిలేవాడివట కదా."

"ఉడకబెట్టిందే నయమా? మీ ఇంట్లో గొంతులన్నీ మీ చెల్లెల్లోనే కలిపి నాకొక్కడికే అంటగట్టారు. దానికన్నా పచ్చిదే నయం."

నేను వంటింట్లో నవ్వు దాచుకునేదాన్ని. జ్వరంలో ఆఖరి రెండు రోజులూ ఎపారామా కలవరించింది నా పేరు కాదు. "సాకియుసాని పిలవండి. బావని పిలవండి," అని. చివరిసారి నవ్వుకోవాలని ఉంది కాబోలు అనుకున్నాను. కబురు పంపాను. అతను రాలేదు. బ్యాటరీల సంగతి తెలిశాక అది తలుచుకున్న ప్రతిసారీ నా పళ్ళు కరుచుకుపోయేవి. చచ్చిపోతున్న మనిషి తనని చంపిన వాణ్ణే బావా అని పిలిచాడు.

సాకియుసా రెండు చేతులతో తంబువా పైకెత్తాడు. పెద్దది, పాతది, పసుపు తిరిగి నున్నగా ఉంది. కొబ్బరిపీచు తాడు కిందికి వేలాడుతోంది.

"ఈ పన్ను చిన్నది," అన్నాడు. "నేను చేసింది పెద్దది. మూడు ఊళ్ళ చెమట పోసి నిలబెట్టుకున్న స్తంభం నుంచి, ఊళ్ళకి బాగా అవసరమైన వారంలో, బ్యాటరీలు నేను తీసుకున్నాను. ఇంకెవరూ కాదు, నేను. బ్యాటరీలు తీసుకున్న ఈ తప్పుని పూడ్చమని మీ ఇంటిని అడుగుతున్నాను."

అయిపోయింది. ఇప్పుడు చప్పట్లు పడాలి. పడలేదు.

ఇల్లంతా నా వంక చూసింది. నేను నా చేతులు ఒళ్ళో పెట్టుకుని చాప అంచు ఎర్ర ఊలు పోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఎత్తిన తంబువాని దించకూడదు. దించితే వెనక్కి తీసుకున్నట్టు. అరవై ఏళ్ళ మనిషి, చేతులు ముందుకి చాపి, అంత బరువు గాల్లో పెట్టుకుని కూర్చున్నాడు. మొదట మోచేతులు కదిలాయి. తర్వాత భుజాలు. నూనె రాసిన జుట్టులోంచి చెమట దిగి కంట్లో పడింది. తుడుచుకునే వీల్లేదు. ఒక ఈగ వచ్చి చెవి మీద వాలింది. నేను దాన్ని ఎంత ముద్దుగా చూశానో దేవుడికే తెలుసు.

"చిన్నమామగారూ," అన్నాను మెల్లగా, "ఆయన్ని ఒక మాట అడగండి. ఆ సాయంత్రం వాళ్ళ లాడ్జిలో చిక్కుకుపోయిన అతిథులకి ఫ్రిజ్‌లోంచి చల్లగా ఏం తీసి పోశారో."

వెనక నలుగురిలో ఒకడు తల వంచేసుకున్నాడు. మా వైపు ఎవరో ముక్కుతో నవ్వారు.

ఇనోకె మామగారు గొంతు సవరించుకున్నారు. "విన్నావు కదా నాయనా. అమ్మాయి అడుగుతోంది."

సాకియుసా కళ్ళు ఎత్తలేదు. "ఫ్రిజ్‌లో ఏముందో మాత్రం నన్ను అడగొద్దని చెల్లెలికి చెప్పండి."

"ఎందుకట? సిగ్గా?"

"అడగొద్దని చెప్పండి."

"అయితే ఇంకొకటి అడగండి మామగారూ. చచ్చిపోతున్న మనిషి రెండు రోజులు పిలిస్తే రావడానికి ఈయనకి కాళ్ళు లేవా? అటు నుంచి ఇటు గంట నడక. దారి మధ్యలో చరియలేం పడలేదే."

తంబువా ఇప్పుడు కంటికి కనబడేలా ఊగుతోంది. తాడు చివర చాపకి కొట్టుకుని టక్, టక్ మని చప్పుడు. గోడవారగా కూర్చున్న వసీతి నా మోకాలు తాకింది. మూడు రోజులు నా కోసం కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి, ఆ బాధతోనే నాకు అక్షరాలు నేర్పిన మనిషి.

"చాలు అక్కా," అంది. "ఎంతమంది ఎదురుచూస్తున్నారో చూడు."

చూశాను. గుమ్మం బయట మూడు ఊళ్ళవాళ్ళూ నిలబడి ఉన్నారు. భుజాల మీద తాళ్ళ చుట్టలు. నేను ఊఁ అంటే ఆ సాయంత్రమే గట్టు మీద గొయ్యి తవ్వడం మొదలుపెడదామని వచ్చారు. చంకలో పిల్లలున్నవాళ్ళు, నెలలు నిండినవాళ్ళు. వాళ్ళకి నేను మేలు చేయదలచుకోలేదని కాదు. ఇంకొంచెంసేపు అంతే. ఆ చేతులు కింద పడిపోవాలి. దించినవాడు తనే కావాలి. అప్పుడు పూడ్చలేదన్న పాపం నాది కాదు, అతనిది. రెండేళ్ళు ఊరు నా మొగుణ్ణి అజాగ్రత్త మనిషన్నట్టు, ఇక మీద ఇతన్ని చేతకానివాడనాలి.

అప్పుడే బయట ఎవరో దగ్గారు.

ఇనోకె మామగారికి అంత నిశ్శబ్దం అలవాటు లేదు. తంబువా ఎత్తితే చప్పట్లు పడాలి. అరవై ఏళ్ళుగా ఆయన చేతులకి తెలిసింది అదొక్కటే. ఆ దగ్గు నేనన్న ఊఁ అనుకున్నాడో, లేక చేతులే ఆగలేకపోయాయో. అరచేతులు గుల్లగా కలిశాయి. ఒకటి. రెండు. మూడు.

"అందుకున్నాం," అన్నాడు. అలవాటైన ఆ పెద్ద గొంతుతో, ఇంటి కప్పు దాకా వినబడేలా.

ఇల్లంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. బయట ఆడవాళ్ళు కిలకిలమన్నారు. సాకియుసా చేతులు తంబువాతో సహా ఆయన ఒళ్ళోకి జారిపోయాయి. ముసలాయనకి అప్పటికి తెలిసింది ఏం చేశాడో. నా వైపు తిరిగి, మసక కళ్ళతో వెతుక్కున్నాడు.

"అమ్మాయ్. నువ్వు అన్నావు కదూ?"

నేను అనలేదు. అనలేదని చెబితే ఆ క్షణమే పెద్దాయన పరువు పోతుంది. మూడు ఊళ్ళ ముందు ఒక తంబువాని తిరగ్గొట్టినట్టవుతుంది. చెప్పకపోతే నా రెండేళ్ళ పగ ఒక దగ్గుతో పూడిపోయినట్టే.

అప్పుడు నాకు సాకియుసా అన్న మాటలే గుర్తొచ్చాయి. ఒక్కొక్కటీ. నల్లపెట్టె మీద వేలు పెట్టి చదివినట్టు మళ్ళీ చదువుకున్నాను.

మోకాళ్ళ మీద ముందుకి జరిగాను. మగవాళ్ళు కూర్చునే చాప మీదికి. వసీతి నా లంగా అంచు పట్టుకుంది, వదిలించుకున్నాను. సాకియుసా ఎదురుగా, మొహం మొహం చూసుకునేంత దగ్గరలో కూర్చుని, మధ్యలో ఎవరూ లేకుండా అన్నాను.

"అన్నయ్యా."

అతను ఉలిక్కిపడ్డాడు. వెనక నలుగురూ మొహాలు పక్కకి తిప్పుకున్నారు. నలభై ఒక్క ఏళ్ళ తర్వాత నా గొంతు అతని చెవిన పడింది.

"చప్పట్లు పడ్డాయి. మా ఇల్లు అందుకుంది. మామగారు చేసింది తప్పు కాదు," అన్నాను. "బ్యాటరీలు తీసుకున్న తప్పు పూడిపోయింది. ఇక ఈ జన్మలో బ్యాటరీల మాట నా నోట రాదు. కానీ నువ్వు పూడ్చమన్నది బ్యాటరీలనే. ఎపారామా పేరు నువ్వు ఎత్తలేదు. ఎక్కడా ఎత్తలేదు. ఎత్తని పేరు ఎలా పూడుతుంది?"

ఇనోకె మామగారు తంబువాని వేళ్ళతో తడిమారు.

"అమ్మాయి అన్నది నిజమే," అన్నారు. "పేరు చెప్పిందే పూడుతుంది. ఆ పేరు రాలేదు. నేను విన్నాను."

"ఆ తప్పు పూడింది కాబట్టి స్తంభం లేస్తుంది," అన్నాను. "ఈ సాయంత్రమే గొయ్యి తవ్వండి, నేనూ మట్టి మోస్తాను. నీ గట్టు మీదే లేస్తుంది. దానికి పేరు ఎపారామా. ఆ పేరు కంప్యూటర్లో వసీతి పెడుతుంది, ఎలా పెట్టాలో నాకు చూపించింది కూడా. నువ్వు ఫోను తెరిస్తే అన్నిటికన్నా ముందు కనబడేది ఆ పేరు. నీ లాడ్జికి పట్నం నుంచి వచ్చే ప్రతి మాటా ఆ పేరు దాటి రావాలి. కాపలా వారం మీ ఇంటికొచ్చినప్పుడల్లా నువ్వే గట్టెక్కాలి. ఎండ పలకల మీద దుమ్ము నువ్వే తుడవాలి. తుఫానొస్తే ఆయన్ని నీ చేతులతో నేల మీద పడుకోబెట్టాలి. వెళ్ళాక నీ చేతులతో లేపాలి. నా మొగుణ్ణి లేపలేవు, కనీసం ఆ మానునైనా లేపు. నువ్వు బతికినన్నాళ్ళూ. ఇదేమీ పగ కాదు అన్నయ్యా. మూడు ఊళ్ళ పని."

నాకు హాయిగా ఉంది. ఎంత హాయి అంటే, కడుపు నిండా తిని నీడలో పడుకున్నట్టు. బయట తాళ్ళు పట్టుకున్నవాళ్ళలో ఎవరో "ఎపారామా" అని మెల్లగా అన్నారు, పేరు నోటికి అలవాటు చేసుకుంటున్నట్టు. రెండేళ్ళలో మొదటిసారి ఆ పేరు పక్కన అజాగ్రత్త అన్న మాట లేకుండా వినబడింది.

సాకియుసా చెమట తుడుచుకున్నాడు. అతని మొహంలో నేను ఎదురుచూసింది కనబడలేదు. కుంగిపోలేదు. ఏదో దింపుకోబోతున్నవాడిలా ఉన్నాడు.

"నువ్వు మాట్లాడావు కాబట్టి నేనూ మాట్లాడతాను చెల్లీ," అన్నాడు, సూటిగా నాతోనే. "బావ పేరు ఎందుకెత్తలేదో తెలుసా. ఎత్తితే మిగతాది కూడా చెప్పాలి."

"ఏం మిగతాది?"

"గది తాళం నేను పగలగొట్టానని మీరందరూ అనుకున్నారు. ఒక్కరైనా తాళాన్ని చూశారా?"

నడుము దగ్గర బట్ట మడత విప్పాడు. లోపల చేయి పెట్టి తీసి, మా ఇద్దరి మధ్య చాప మీద పెట్టాడు.

తాళంచెవి. కొబ్బరిపీచు తాడుతో. మూడు పాయల అల్లిక, మధ్యలో ఒక ఎర్ర ఊలు పోగు. ఆ పోగు మా పెళ్ళి చాప అంచులోంచి నేనే లాగి కలిపాను, చీకట్లో తడిమినా మనదే అని తెలియాలని. శనివారం రాత్రి ఆయన ఒళ్ళు కడుగుతూ మెడ మీద ఆ తాడు కోసం వెతికాను. లేదు. గాలివానలో తెగిపోయిందనుకున్నాను.

తెగలేదు. ముడి అలాగే ఉంది. మెడలోంచి ఎవరో తల మీదుగా, నెమ్మదిగా తీసి ఇచ్చినట్టు.

"మంగళవారం మూడున్నరకి బావే నాకిచ్చాడు," అన్నాడు సాకియుసా. "చెల్లెలికి మాత్రం చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకుని ఇచ్చాడు. రెండు రోజులు నన్ను పిలిచింది నవ్వుకోవడానికి కాదు."

ఇనోకె మామగారి వేళ్ళు తంబువా మీద ఆగిపోయాయి.

"ఫ్రిజ్‌లో ఏముందని అడిగావు కదా," అన్నాడు అన్నయ్య. "ఇప్పుడు అడుగు."

ఆ పూటంతా తిమింగలం పన్నుకి చాపకుండా ఒళ్ళో బిగించి పెట్టుకున్న నా చెయ్యి, నేను చెప్పకుండానే, ఆ తాడు కోసం ముందుకి సాగింది. మిగతాది వచ్చే పడవకి.

లోసలిని
వయసు అరవై ఒకటి
ఇప్పుడు ఉంటున్నది కండావు దీవిలో, అఖాతం ఎదుటి ఒడ్డున, నర్సు వసీతి ఇంటి పక్క గదిలో